షుగర్ ఉన్నవారు రోజా ఉండొచ్చా? డాక్టర్ల మార్గదర్శకాలు ఏం చెబుతున్నాయి

రంజాన్ దగ్గర పడుతోందంటే షుగర్ ఉన్న ప్రతి ఇంట్లో ఒకే ప్రశ్న. "డాక్టర్ సాబ్, ఈసారి రోజాలు ఉండొచ్చా?" కొందరు డాక్టర్లు వెంటనే వద్దంటారు. కొందరు "మీ ఇష్టం, జాగ్రత్తగా ఉండండి" అని మందుల చీటీ రాసి పంపిస్తారు. చాలామంది పెద్దవాళ్లు అసలు అడగనే అడగరు. అడిగితే వద్దంటారని భయం. చాంద్ రాత్ దాకా ఏమీ మాట్లాడకుండా ఉండి, మర్నాడు సహరీకి లేచి, మందులు తమకు తోచినట్టు మార్చుకుని రోజా మొదలుపెడతారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. రోజా ఉండాలా వద్దా అన్నది చాంద్ రాత్ నాడు తేల్చుకునే విషయం కాదు. దానికి కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే లెక్క మొదలుపెట్టాలని ప్రపంచవ్యాప్తంగా డాక్టర్లు వాడే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ లెక్క ఎలా వేస్తారు, ఎవరికి రోజా పర్వాలేదు, ఎవరికి ప్రమాదం, మందులు ఎప్పుడు వేసుకోవాలి, ఏ అంకె కనిపిస్తే రోజా విరమించాలి అన్నవన్నీ అందులో స్పష్టంగా రాసి ఉన్నాయి. అవి డాక్టర్ల కోసం రాసినవే. కానీ అందులో ఏముందో ఇంట్లో వాళ్లకూ తెలిస్తే డాక్టర్ దగ్గర అడగాల్సిన ప్రశ్నలు సరిగ్గా అడగగలుగుతారు.

ఈ మార్గదర్శకాలు ఎందుకు అవసరమయ్యాయి

2001లో ఎపిడయార్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, సౌదీ అరేబియా, ఈజిప్ట్, ఇండోనేషియా సహా 13 దేశాల్లో షుగర్ ఉన్న 12,243 మంది ముస్లింలను పరిశీలించారు. ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. టైప్ 2 షుగర్ ఉన్నవారిలో దాదాపు 79 శాతం మంది, టైప్ 1 ఉన్నవారిలో 43 శాతం మంది రంజాన్‌లో కనీసం 15 రోజాలు ఉన్నారని తేలింది. అంటే డాక్టర్ ఉండమన్నా వద్దన్నా జనం ఉంటున్నారు.

రెండో విషయం ఇంకా ముఖ్యం. ఆస్పత్రిలో చేర్చాల్సినంత తీవ్రంగా షుగర్ పడిపోయిన ఘటనలు మిగతా నెలలతో పోలిస్తే రంజాన్‌లో టైప్ 1 వారిలో 4.7 రెట్లు, టైప్ 2 వారిలో 7.5 రెట్లు పెరిగాయి. టైప్ 2 వారిలో షుగర్ విపరీతంగా పెరిగి ఆస్పత్రి పాలైన ఘటనలు కూడా సుమారు 5 రెట్లు ఎక్కువయ్యాయి. పగలంతా తినకపోవడం వల్ల పడిపోవడం ఒకవైపు, ఇఫ్తార్ తర్వాత ఒక్కసారిగా ఎక్కువ తినడం, మందులు మానేయడం వల్ల పెరగడం మరోవైపు. రెండూ ప్రమాదమే.

మన దేశం సంగతి చూస్తే, ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. మరో 13.6 కోట్ల మంది షుగర్ వచ్చే అంచున ఉన్నారు. హైదరాబాద్ పాతబస్తీ అయినా, కర్నూలు అయినా, గుంటూరు అయినా షుగర్ మందు డబ్బా లేని వీధి లేదంటే అతిశయోక్తి కాదు.

ఎవరు రాశారు, ఎక్కడ దొరుకుతాయి

అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్, అంటే ఐడీఎఫ్, డయాబెటిస్ అండ్ రమదాన్ ఇంటర్నేషనల్ అలయన్స్ అనే సంస్థతో కలిసి 2016లో మొదటి మార్గదర్శకాలు తెచ్చింది. రెండో సంస్థ పేరును పొట్టిగా డార్ అంటారు. 2021లో వీటిని కొత్త అధ్యయనాలతో సవరించి మళ్లీ విడుదల చేశారు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. షుగర్ స్పెషలిస్టు లేని చిన్న పట్టణంలో జనరల్ ప్రాక్టీస్ చేసే డాక్టర్ కూడా డౌన్‌లోడ్ చేసుకుని చదువుకోవచ్చు. డాక్టర్లు, నర్సులు, డయాబెటిస్ ఎడ్యుకేటర్ల కోసం ఐడీఎఫ్ ఆన్‌లైన్ కోర్సులు కూడా నడుపుతోంది.

ఇవి కాక డాక్టర్లు చూసే పత్రాలు మరికొన్ని ఉన్నాయి. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ప్రతి ఏటా కొత్త ప్రమాణాలు విడుదల చేస్తుంది. మన దేశంలో ఆర్ఎస్ఎస్‌డీఐ అనే షుగర్ వైద్యుల సంఘం సిఫారసులు ఉన్నాయి. ఐసీఎంఆర్ 2018లో టైప్ 2 షుగర్‌కు, 2022లో టైప్ 1 షుగర్‌కు మార్గదర్శకాలు ఇచ్చింది. రోజూవారీ వైద్యానికి ఇవన్నీ పనికొస్తాయి. రంజాన్ రోజాల విషయంలో మాత్రం ఐడీఎఫ్-డార్ పత్రమే వివరంగా ఉంది. అమెరికన్ ప్రమాణాల ఇటీవలి సంచికలు కూడా రోజాకు ముందు రిస్క్ ఎంతుందో చూడాలని చెబుతున్నాయి.

వాట్సాప్‌లో రంజాన్ ముందు తిరిగే "షుగర్ పేషెంట్లకు సూచనలు" లాంటి మెసేజ్‌లకూ వీటికీ తేడా ఇదే. మార్గదర్శకంలో ఎవరు రాశారు, ఏ సంవత్సరంలో రాశారు, ఏ అధ్యయనం ఆధారంగా రాశారు అన్నది ఉంటుంది. కొత్త సంగతులు తెలిస్తే పాతది మారుస్తారు. ఫార్వర్డ్ మెసేజ్‌కు ఇవేవీ ఉండవు.

మార్కుల లెక్క: తక్కువ వస్తేనే మంచిది

2021 మార్గదర్శకాల్లో అన్నిటికంటే పనికొచ్చే భాగం రిస్క్ మార్కుల పట్టిక. "మీకు రిస్క్ ఉంది, లేదు" అని అందాజుగా చెప్పకుండా, ఒక్కో విషయానికి కొన్ని మార్కులు వేసి మొత్తం కూడతారు. ఇది పరీక్షకు తలకిందులు. మార్కులు ఎంత తక్కువ వస్తే అంత మంచిది.

మొత్తం 3 లోపు వస్తే రిస్క్ తక్కువ, రోజా ఉండటం బహుశా సురక్షితమే. 3.5 నుంచి 6 మధ్య వస్తే మధ్యస్థం, సురక్షితమని గట్టిగా చెప్పలేం. 6 దాటితే రిస్క్ ఎక్కువ, రోజా బహుశా సురక్షితం కాదు.

పట్టికలో ఉన్న ముఖ్యమైన అంశాలు ఇవి:

* షుగర్ రకం: టైప్ 1 అయితే 1 మార్కు, టైప్ 2 అయితే సున్నా.
* ఎన్నేళ్లుగా ఉంది: పదేళ్లు, అంతకు మించితే 1.
* షుగర్ పడిపోవడం: పడిపోతున్నా శరీరానికి తెలియని స్థితి ఉంటే 6.5. ఈమధ్యే తీవ్రంగా పడిపోయి ఉంటే 5.5. వారంలో చాలాసార్లు పడిపోతుంటే 3.5. వారానికి ఒకసారి కంటే తక్కువైతే 1.
* మూడు నెలల సగటు, అంటే హెచ్‌బీఏ1సీ: 9 శాతం దాటితే 2, 7.5 నుంచి 9 మధ్య ఉంటే 1.
* చికిత్స: రోజుకు చాలాసార్లు మిక్స్‌డ్ ఇన్సులిన్ తీసుకుంటే 3, రోజుకు ఒకసారి తీసుకునే బేసల్ ఇన్సులిన్ అయితే 1.5, గ్లైబెన్‌క్లమైడ్ అనే పాత మాత్రకు 1, గ్లిక్లజైడ్ లేదా గ్లిమెపిరైడ్‌కు 0.5.
* ఇంట్లో షుగర్ చూసుకోవడం: అవసరమై కూడా చూసుకోకపోతే 2, అరకొరగా చూస్తే 1.
* కిడ్నీ: ఈజీఎఫ్ఆర్ 30 లోపు ఉంటే 6.5, 30 నుంచి 45 అయితే 4, 45 నుంచి 60 అయితే 2.
* గుండె, మెదడు రక్తనాళాల జబ్బు: అదుపులో లేకపోతే 6.5, నిలకడగా ఉంటే 2.
* గర్భిణి: షుగర్ అదుపులో లేకపోతే 6.5, ఉన్నా 3.5.
* వృద్ధాప్యం: బాగా బలహీనపడినా, మతిమరుపు వచ్చినా 6.5. 70 దాటి ఇంట్లో చూసుకునేవారు లేకపోతే 3.5.
* శ్రమ: చాలా కష్టమైన శారీరక పనికి 4, ఒక మోస్తరు పనికి 2.
* గత రంజాన్‌లో ఇబ్బంది వచ్చి ఉంటే 1. రోజా 16 గంటలు, అంతకు మించితే 1.

ఈ జాబితా చూస్తే కొన్ని సంగతులు అర్థమవుతాయి. షుగర్ పడిపోతున్నా తెలియకపోవడం, కిడ్నీ బాగా దెబ్బతినడం, గుండె జబ్బు అదుపులో లేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతావన్నీ బాగున్నా 6 దాటిపోతుంది. అలాగే శ్రమకు 4 మార్కులు పెట్టడం చూడండి. ఎండలో సెంట్రింగ్ పని చేసేవారికి, మార్కెట్‌లో మూటలు మోసేవారికి, కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు వెళ్లి బయట పని చేసేవారికి ఇది నేరుగా వర్తిస్తుంది. హైదరాబాద్‌లో ఎండాకాలంలోనూ రోజా సుమారు పద్నాలుగున్నర గంటలు దాటదు కాబట్టి చివరి మార్కు ఇక్కడివారికి పడదు. వేసవిలో రంజాన్ వస్తే లండన్‌లో ఉన్న బంధువులకు పడుతుంది.

ఒక ఉదాహరణతో చూద్దాం

58 ఏళ్ల ఒక పెద్దాయన అనుకుందాం. టైప్ 2 షుగర్, అంటే సున్నా. 12 ఏళ్లుగా ఉంది, 1. మూడు నెలల సగటు 8.2 శాతం, 1. రాత్రి ఒకసారి బేసల్ ఇన్సులిన్, 1.5. నెలకు ఒకటి రెండుసార్లు షుగర్ పడిపోతుంది, 1. ఇంట్లో మిషన్ ఉంది గానీ చూసుకోరు, 2. పోయిన రంజాన్‌లో ఒకసారి కళ్లు తిరిగి పడ్డారు, 1. మొత్తం 7.5. రిస్క్ ఎక్కువ.

ఇప్పుడు ఇదే మనిషి రంజాన్‌కు రెండు నెలల ముందు డాక్టర్‌ను కలిసి, ఇంట్లో షుగర్ సరిగ్గా చూసుకోవడం మొదలుపెట్టారు. ఆ 2 మార్కులు పోతాయి. మొత్తం 5.5, అంటే మధ్యస్థం. వచ్చే ఏడాదికి మూడు నెలల సగటు 7.5 లోపు తెచ్చుకుంటే ఇంకో మార్కు తగ్గి 4.5 అవుతుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మార్కులు రెండు రకాలు. ఎన్నేళ్లుగా షుగర్ ఉందన్నది, కిడ్నీ దెబ్బతిన్నదన్నది మన చేతిలో లేదు. షుగర్ చూసుకోవడం, మందు మార్పించుకోవడం, మూడు నెలల సగటు తగ్గించుకోవడం మన చేతిలో ఉంది. కానీ వాటికి సమయం కావాలి. చాంద్ రాత్ నాడు వెళ్తే డాక్టర్ కూడా ఏమీ చేయలేరు, వద్దని చెప్పడం తప్ప.

ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు ఏం జరగాలి

ఈ భేటీలో డాక్టర్ చేయాల్సిన పనులను మార్గదర్శకాలు వరసగా చెబుతాయి. పాత రిపోర్టులు చూడటం, మార్కులు లెక్కగట్టడం, మందుల సమయం, మోతాదు మార్చడం, షుగర్ ఎప్పుడెప్పుడు చూసుకోవాలో చెప్పడం, ఏ పరిస్థితిలో రోజా విరమించాలో రోగికీ ఇంట్లో వాళ్లకీ నేర్పడం.

ఇలా ముందుగా చెప్పడం వల్ల లాభం ఉందా? లండన్‌లో టైప్ 2 షుగర్ ఉన్న 111 మంది ముస్లింలతో చేసిన రీడ్ అనే అధ్యయనం 2010లో అచ్చయింది. కొందరికి రంజాన్ ముందే తిండి, మందులు, షుగర్ పరీక్షల గురించి క్లాసు చెప్పారు. కొందరికి చెప్పలేదు. క్లాసు విన్నవారిలో షుగర్ పడిపోయిన ఘటనలు 9 నుంచి 5కు తగ్గాయి. విననివారిలో 9 నుంచి 36కు పెరిగాయి. అధ్యయనం చిన్నదే. కానీ కొత్త మందు ఏదీ లేకుండా కేవలం ముందుగా కూర్చోబెట్టి చెప్పడం వల్ల ఇంత తేడా వచ్చింది.

మందుల సమయం ఎలా మారుతుంది

ఇక్కడ ఒక మాట ముందే చెప్పాలి. కింద ఉన్నవి డాక్టర్ మొదలుపెట్టే లెక్కలు. ఇంట్లో ఎవరికి వారు మార్చుకోవడానికి కాదు. కిడ్నీ, వయసు, పక్కన వాడే మందులను బట్టి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగర్ పడిపోయే భయం తక్కువ. రోజుకు ఒకసారి అయితే ఇఫ్తార్‌కు, రెండుసార్లు అయితే సహరీకి, ఇఫ్తార్‌కు వేసుకోవచ్చు. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ లాంటి గ్లిప్టిన్ మందులకు సాధారణంగా మోతాదు మార్చాల్సిన పని ఉండదు.

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి షుగర్‌ను కిందికి లాగే మందులు. రోజుకు ఒకసారి వేసుకునేవారు ఇఫ్తార్‌కు మార్చుకుంటారు. రెండుసార్లు వేసుకునేవారికి సహరీ మోతాదును డాక్టర్ తగ్గించవచ్చు. ఎందుకంటే సహరీ తర్వాత పగలంతా తిండి లేదు, మందు మాత్రం పని చేస్తూనే ఉంటుంది. గ్లైబెన్‌క్లమైడ్ అనే పాత మాత్ర వాడుతుంటే రంజాన్‌కు ముందే దాన్ని మార్చడం మంచిదని మార్గదర్శకాలు చెబుతాయి. మందు చీటీ మీద ఆ పేరు ఉందేమో చూసుకోవాలి. చాలా మాత్రల్లో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి కాబట్టి స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది కూడా చదవాలి.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు షుగర్‌ను మూత్రంలో బయటికి పంపిస్తాయి. వాటితో పాటు నీళ్లూ పోతాయి. వీటిని ఇఫ్తార్‌కు వేసుకుని, రాత్రి నీళ్లు ఎక్కువ తాగాలి. సరిగ్గా రంజాన్ ముందు రోజు కొత్తగా మొదలుపెట్టే మందు కాదు ఇది.

బేసల్ ఇన్సులిన్ రోజుకు ఒకసారి తీసుకునేవారికి ఇఫ్తార్ సమయానికి మార్చి, మోతాదు 15 నుంచి 30 శాతం తగ్గించాలన్నది సాధారణ సిఫారసు. రోజుకు రెండుసార్లు మిక్స్‌డ్ ఇన్సులిన్ తీసుకునేవారికి, మామూలు రోజుల్లో పొద్దున తీసుకునే మోతాదును ఇఫ్తార్‌కు మార్చి, సాయంత్రం మోతాదును 25 నుంచి 50 శాతం తగ్గించి సహరీకి ఇవ్వాలంటారు. అంటే సమయం, మోతాదు రెండూ తలకిందులవుతాయి. ఇది ఇంట్లో అందాజుగా చేసే పని కాదని దీన్ని చూస్తేనే తెలుస్తుంది.

70, 300: గుర్తుపెట్టుకోవాల్సిన రెండు అంకెలు

వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసి షుగర్ చూసుకుంటే రోజా విరగదు. ఈ విషయం మార్గదర్శకాల్లోనే రాసి ఉంది, ఆలిమ్‌లూ చెబుతారు. అయినా "రక్తం వస్తే రోజా పోతుంది" అనే భయంతో చాలామంది నెలంతా మిషన్ ముట్టుకోరు. అన్నిటికంటే ప్రమాదమైన అలవాటు ఇది.

మార్గదర్శకాల ప్రకారం చూసుకోవాల్సిన సమయాలు: సహరీకి ముందు, పొద్దున, మధ్యాహ్నం, అసర్ వేళకు, ఇఫ్తార్‌కు ముందు, ఇఫ్తార్ అయిన రెండు గంటలకు. వీటికి తోడు ఒంట్లో తేడాగా అనిపించిన ప్రతిసారీ చూడాలి. రిస్క్ తక్కువ, మధ్యస్థం ఉన్నవారు రోజుకు ఒకటి రెండుసార్లు చూసుకుంటే సరిపోతుంది. ఎక్కువ ఉన్నవారు, ఇన్సులిన్ తీసుకునేవారు చాలాసార్లు చూడాలి. రోజుకు నాలుగుసార్లు అంటే 30 రోజులకు 120 స్ట్రిప్పులు. 50 స్ట్రిప్పుల డబ్బాలు రెండున్నర. రంజాన్ సరుకుల జాబితాలో సేమియా, ఖర్జూరాలతో పాటు దీన్ని కూడా ముందే రాసుకోవడం మంచిది.

ఇక అంకెలు. షుగర్ 70 కంటే తక్కువ చూపిస్తే వెంటనే రోజా విరమించాలి. 300 దాటినా విరమించాలి. 70 నుంచి 90 మధ్య ఉంటే గంటలోపు మళ్లీ చూడాలి. మిషన్ చేతిలో లేకపోయినా వణుకు, చల్లని చెమటలు, గుండె దడ, కళ్లు తిరగడం, మాట తడబడటం, అయోమయం కనిపిస్తే ఆగకూడదు.

ఎక్కువ మంది పొరపాటు చేసేది ఇఫ్తార్‌కు ముందు చివరి గంటలో. షుగర్ పడిపోతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది. "ఇంకెంత, ఇరవై నిమిషాలే కదా" అని ఓర్చుకుంటారు. షుగర్ గడియారం చూడదు. ఆ ఇరవై నిమిషాల్లో స్పృహ తప్పవచ్చు. బండి నడుపుతుంటే ప్రమాదం జరగవచ్చు. 70 లోపు అంకె కనిపించాక ఒక నిమిషమైనా, ఒక గంటైనా మార్గదర్శకాల్లో మినహాయింపు లేదు.

పడిపోయినప్పుడు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి గానీ, అర గ్లాసు పండ్ల రసం గానీ తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ ఇవ్వాలి. స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

సహరీ, ఇఫ్తార్ పళ్లెంలో ఏముండాలి

రోజు మొత్తం తిండిలో 30 నుంచి 40 శాతం సహరీకి, 40 నుంచి 50 శాతం ఇఫ్తార్‌కు, అవసరమైతే 10 నుంచి 20 శాతం మధ్యలో చిరుతిండికి అన్నది సిఫారసు. సహరీ మానేయకూడదు. వీలైనంత ఆలస్యంగా తినాలి. సహరీ ఆలస్యం చేయడం, ఇఫ్తార్ త్వరగా చేయడం ఎలాగూ సున్నత్ కాబట్టి ఇందులో డాక్టర్ మాట, ధార్మిక బోధన ఒకటే.

హైదరాబాద్ ఇళ్లలో సహరీకి ఖిచ్డీ, ఖట్టా, ఖీమా మామూలే. దాన్ని మానక్కర్లేదు. అన్నం పాలు తగ్గించి, పప్పు, ఖీమా, పెరుగు, కూరగాయలు పెంచితే ఆకలి నెమ్మదిగా వేస్తుంది, షుగర్ కూడా నిలకడగా ఉంటుంది.

ఇఫ్తార్ నీళ్లతో, ఒకటి నుంచి మూడు చిన్న ఖర్జూరాలతో మొదలుపెట్టాలని మార్గదర్శకాలు చెబుతాయి. పెద్ద ఖర్జూరం అయితే ఒక్కటే చాలు. ఎర్రటి షర్బత్, సమోసా, లుక్మీ, మిర్చీ బజ్జీ, ఆ తర్వాత హలీం, ఆ పైన బిర్యానీ... అన్నీ గంటలో తింటే షుగర్ 300 దాటడానికి ఎంతో సేపు పట్టదు. హలీంలో గోధుమ, మాంసం, నెయ్యి అన్నీ ఉన్నాయి. అదే ఒక భోజనం. ప్లేటు బదులు చిన్న గిన్నెతో సరిపెట్టుకుని, ఆ పూట బిర్యానీ వద్దనుకోవాలి. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా కొద్దికొద్దిగా నీళ్లు తాగుతూ ఉండాలి.

తరావీహ్ నమాజును కూడా మార్గదర్శకాలు వ్యాయామంగానే లెక్కిస్తాయి. అంతసేపు నిలబడి, రుకూ, సజ్దా చేస్తారు కదా. ఇన్సులిన్ వాడేవారు మసీదుకు నీళ్ల సీసా, కొంచెం గ్లూకోజ్ వెంట తీసుకెళ్లాలి.

ధర్మం ఇచ్చిన వెసులుబాటు

దివ్య ఖురాన్ అల్ బఖరా సూరాలోని 184, 185 ఆయతులు వ్యాధిగ్రస్తులకు, ప్రయాణికులకు వెసులుబాటు ఇచ్చాయి. తర్వాతి రోజుల్లో ఖజా పూర్తి చేసుకోవచ్చు. ఎప్పటికీ ఉండలేని స్థితి అయితే ఫిద్యాగా పేదవారికి అన్నం పెట్టాలి. 2016 మార్గదర్శకాలు తయారైనప్పుడు ఈజిప్ట్ ముఫ్తీ ఆమోదం కూడా తీసుకున్నారు. డాక్టర్లు, ఆలిమ్‌లు ఒకే మాట మీద ఉండాలన్నదే దీని ఉద్దేశం.

ఇన్సులిన్ ఇంజెక్షన్ పోషణ కాదు కాబట్టి దానివల్ల రోజా విరగదని ఈ కాలపు ఆలిమ్‌లలో ఎక్కువ మంది అభిప్రాయం. ఒంటికి బలం కోసం ఎక్కించే గ్లూకోజ్ సెలైన్ వేరే సంగతి. ఎవరికైనా సందేహం ఉంటే తాము నమ్మే ఆలిమ్‌ను అడగాలి. అడిగేటప్పుడు "షుగర్ ఉంది" అని మాత్రమే కాకుండా, "డాక్టర్ లెక్కగడితే 7.5 వచ్చింది, రిస్క్ ఎక్కువ అన్నారు" అని చెబితే జవాబు కూడా స్పష్టంగా వస్తుంది.

ఇంట్లో వాళ్ల మాట కూడా ఇక్కడ ముఖ్యం. చాలామంది అమ్మీలు, దాదీలు "ఇన్నేళ్లలో ఒక్క రోజా వదల్లేదు" అని చెప్పుకుంటారు. ఆ మాట వెనక ఎంతో ప్రేమ, భక్తి ఉన్నాయి. రోజా విరమించిన రోజు వాళ్లకు సిగ్గు కలగకుండా చూడాల్సింది పిల్లలే. ఇఫ్తార్ వంట చేస్తూ, దస్తర్‌ఖాన్ పరుస్తూ, పేదలకు ఫిద్యా లెక్క చూస్తూ, ఖురాన్ తిలావత్‌లో ఉంటూ వాళ్లు రంజాన్‌లో పూర్తిగా భాగమేనని గుర్తుచేయాలి. డాక్టర్ వద్దన్నా ఉంటామని పట్టుబట్టేవారిని వదిలేయకుండా, పర్యవేక్షణ పెంచి జాగ్రత్తగా చూసుకోవాలని మార్గదర్శకాలే డాక్టర్లకు చెబుతున్నాయి. కాబట్టి డాక్టర్ దగ్గర నిజం దాచాల్సిన పని లేదు.

ఈద్ తర్వాత

ఈద్ నాటి షీర్ ఖుర్మా దగ్గరే చాలామంది జాగ్రత్త వదిలేస్తారు. మందులేమో ఇంకా రంజాన్ సమయాల్లోనే ఉంటాయి. ఈద్ అయ్యాక డాక్టర్‌ను మళ్లీ కలిసి మోతాదులు పాత లెక్కకు తెచ్చుకోవాలి. షవ్వాల్ ఆరు రోజాలు ఉండాలనుకునేవారు, ఖజా పూర్తి చేయాలనుకునేవారు కూడా అప్పుడే అడగాలి. ఈ రంజాన్‌లో ఎన్నిసార్లు షుగర్ పడిపోయింది, ఎన్ని రోజాలు విరమించాల్సి వచ్చింది అన్నది రాసుకుంటే వచ్చే ఏటి లెక్కకు అదే ఆధారం.

డాక్టర్ దగ్గరికి ఏం తీసుకెళ్లాలి

రంజాన్‌కు రెండు నెలల ముందు, రజబ్ నెల గడుస్తుండగానే, ఇవి పట్టుకుని వెళ్లాలి:

1. మూడు నెలల సగటు రిపోర్టు, క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ రిపోర్టు.
2. వాడుతున్న అన్ని మందుల స్ట్రిప్పులు, ఇన్సులిన్ పెన్ను లేదా సీసా.
3. ఇంట్లో చూసిన షుగర్ రీడింగులు, తేదీ, సమయంతో సహా.
4. షుగర్ పడిపోయిన రోజుల వివరాలు, గత రంజాన్‌లో వచ్చిన ఇబ్బందులు.
5. చేసే పని ఎలాంటిది, ఎండలోనా నీడలోనా అన్నది.
6. ఇంట్లో వంట చేసే మనిషి, సహరీకి లేపే మనిషి. ఒకరైనా పక్కన ఉండి వినాలి.

అడగాల్సిన ప్రశ్నలు కూడా మూడే. "ఐడీఎఫ్-డార్ లెక్క ప్రకారం నాకు ఎన్ని మార్కులు వచ్చాయి? వాటిలో ఈ రెండు నెలల్లో తగ్గించుకోగలిగినవి ఏవి? సహరీకి, ఇఫ్తార్‌కు ఏ మందు ఎంత వేసుకోవాలో కాగితం మీద రాసిస్తారా?" డాక్టర్‌కు ఈ పత్రం కొత్తయితే చెప్పడంలో తప్పేం లేదు. ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉంది, ఆయనే చూసుకుంటారు.

డాక్టర్ రాసిచ్చిన ఆ కాగితం ఫ్రిజ్ మీద అతికించి, పక్కనే 70, 300 అని పెద్ద అంకెలతో రాసి పెడితే ఇంట్లో చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది.